ఆ దీపం చూడ్డానికేనా?

ఈమధ్య గృహప్రవేశాలకి వెళ్తుంటే ఒక సంగతి గమనించాను. ఇల్లు చూపించే వరుస మారిపోయింది. ఇదివరకు పూజగది, వంటిల్లు, పెరట్లో బావి ఉంటే బావి చూపించేవాళ్ళు. తర్వాత కొన్నాళ్ళు పాలరాయి గచ్చు చూపించారు, ఆ తర్వాత మాడ్యులర్ కిచెన్ సొరుగులు లాగి చూపించారు. ఇప్పుడు గడప దాటగానే అందరం తల పైకెత్తాల్సిందే. "లైట్లు చూశారా వదినా?" అంటారు. చూస్తాం. ఒకచోట రాగి ఆకులు గుత్తిగా వేలాడుతుంటాయి. ఒకచోట ఇత్తడి వలయాలు ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి. ఇంకోచోట గాజు బుడగలు, మబ్బు ముద్దల్లాంటి కాగితపు గుమ్మటాలు, బారులు తీరి ఎగిరే కొంగలు. బల్బు ఎక్కడుందో వెతుక్కోవాలి. దీపం అనిపించదు, మ్యూజియంలో వేలాడదీసిన శిల్పంలా ఉంటుంది. వీటినే స్కల్ప్చరల్ లైట్లు అంటున్నారు. మనం శిల్పదీపాలు అనుకుందాం.

అవి అందంగా ఉన్నాయని ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. ఇల్లు కళగా ఉండాలని కోరుకోవడం తప్పూ కాదు, డబ్బున్నవాళ్ళ జబ్బూ కాదు. గడపకి పసుపు రాసి, గుమ్మానికి మామిడాకు కట్టి, వాకిట్లో చుక్కలు లెక్కపెట్టి మరీ ముగ్గేసే జాతి మనది. నా పేచీ హాలు దాటాక మొదలవుతుంది. ఆ ఇంటావిడ వెంట మెల్లిగా వంటింట్లోకి వెళ్ళి చూడండి. గది నడిమధ్యన కప్పుకి ఒక లైటో, ఫాల్స్ సీలింగులో పొదిగిన రెండు గుండ్రటి లైట్లో ఉంటాయి. గట్టు ముందు నించున్నామా, ఆ వెలుగంతా మన వీపు మీద పడుతుంది. మన నీడ గట్టు మీద పడుతుంది. ఉల్లిపాయ తరిగేది ఆ నీడలో. బియ్యంలో రాయి ఏరేది ఆ నీడలో. కాగే నూనెలో గారె తిప్పేదీ ఆ నీడలోనే. ఇది చాలదన్నట్టు గట్టు పైన అరలు వచ్చాయి, వాటి నీడ కూడా మనకి తోడైంది.

ఇదేమీ కొత్త అన్యాయం కాదు లెండి. ఊళ్ళకి ట్యూబులైట్లు వచ్చిన రోజుల్లో మొదటిది వేసింది ముందు గదిలో. వంటింటికి నలభై క్యాండిల్ బల్బు. అదీ పొగచూరి, జిడ్డు పట్టి, ఇచ్చే వెలుగులో సగం తనే మింగేది. అంతకుముందు కిరసనాయిలు బుడ్డి ఉండేది. మా అమ్మమ్మగారి ఊళ్ళో కరెంటు పోయిన రాత్రుళ్ళు నేనూ దాని వెలుగులో అన్నం తిన్నదాన్నే. దాని మీద నాకేమీ మురిపెం లేదు. వెలుగు తక్కువ, పొగ ఎక్కువ. సాయంత్రం అయ్యేసరికి లాంతరు చిమ్నీ బూడిదతో తోమి, మెత్తటి గుడ్డతో తుడిచి, వత్తి కత్తిరించింది ఏ చేతులో కూడా చూశాను. కానీ ఒక్క గుణం ఉండేది దానికి. పని ఎక్కడుంటే అక్కడికి వచ్చేది. కాసేపు పొయ్యి పక్క గూట్లో, కాసేపు వడ్డించే విస్తరి ముందు, కాసేపు పిల్లవాడి పలక దగ్గర. కరెంటు దీపం కప్పుకి అంటుకుపోయింది. పని చేసే మనిషే దాని కిందకి సర్దుకోవాల్సి వచ్చింది.

చిన్న లెక్క చెప్తాను. చదువుకున్నప్పుడు ఫిజిక్సులో మార్కుల కోసం బట్టీ పట్టాం గానీ వంటింట్లో అక్కరకొస్తుందని ఏ మాస్టారూ చెప్పలేదు. చిన్న దీపం నుంచి దూరం రెట్టింపైతే వస్తువు మీద పడే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. కప్పు మీది దీపానికీ గట్టుకీ మధ్య ఆరు అడుగుల పైనే ఉంటుంది. అదే పై అరల అడుగున, ముందు అంచుకి దగ్గరగా ఒక సన్నటి ఎల్.ఇ.డి. పట్టీ బిగిస్తే గట్టుకి ఒకటిన్నర, రెండు అడుగుల దూరం. పైనున్న ఇరవై వాట్ల దీపం చెయ్యలేని పని ఆ ఐదారు వాట్ల పట్టీ చేస్తుంది. మన నీడ దానికి అడ్డు రాదు, ఎందుకంటే అది మన ముందు ఉంటుంది. నేను చెప్పే వంటింటి దీపం ఇంతే. ఇందులో శిల్పం లేదు, ఎవరూ తలెత్తి చూడరు. బహుశా అందుకే ఎవరికీ గుర్తుకు రాదు.

మా తోడికోడలు కొత్త ఫ్లాటులో డైనింగ్ టేబుల్ మీద వేలాడే దీపానికి ముప్ఫై ఎనిమిది వేలు పెట్టారు. వంటింటి లైటు మూడు వందల యాభై. ఆవిడ ఇష్టపడి కొన్నదే, పిల్ల మంచి అభిరుచి కలది కూడా. "వంటింటికి ఇంకోటి పెట్టించలేదేం?" అని అడిగితే, "అక్కడ పాయింటు ఇవ్వలేదక్కా" అంది. ఈ 'పాయింటు ఇవ్వలేదు' అనే మాట ఎన్ని ఇళ్ళల్లో విన్నానో. ఎవరివ్వాలి? ఎవర్ని అడిగి ఇస్తారు?

కాస్త ఆగి ఆ సంగతి చెప్తాను. ముందు ఈ శిల్పదీపాలు పుట్టించినవాళ్ళు ఏమనుకుని వాటిని చేశారో చెప్పాలి. తెలిశాక నాకు భలే ఆశ్చర్యం వేసింది.

డెన్మార్క్‌లో పౌల్ హెన్నింగ్సెన్ అని ఒక ఆర్కిటెక్టు ఉండేవాడు. వాళ్ళమ్మ రచయిత్రి. కరెంటు బల్బులు కొత్తగా వచ్చిన రోజుల్లో వాటి ఘాటు వెలుగు అతనికి కంట్లో కారం కొట్టినట్టుండేది. కిరసనాయిలు దీపపు మెత్తదనం కరెంటు దీపానికి ఎలా తేవాలా అని ఏళ్ళ తరబడి కూర్చుని లెక్కలు కట్టాడు. 1926 నాటికి ఒకదాని కింద ఒకటి మూడు పళ్ళాలు బోర్లించినట్టుండే దీపం తయారుచేశాడు. ఆ వంపులు సోకుకి పెట్టినవి కావు. బల్బు కంటికి నేరుగా కనబడకూడదు, వెలుగు మాత్రం బల్ల మీదా మనుషుల ముఖాల మీదా మెత్తగా పరుచుకోవాలి, అందుకోసం పెట్టినవి. 1958లో ఒక రెస్టారెంటు కోసం ఇంకో దీపం చేశాడు. దాని పేరు ఆర్టిచోక్. మన అరటిపువ్వులా రేకు మీద రేకు పేర్చినట్టుండే ఒక కూరగాయ మొగ్గ పేరది. పన్నెండు వరసల్లో 72 రాగి ఆకులు. ఎటువైపు నుంచి చూసినా లోపలి బల్బు కనిపించదు. మన షోరూముల్లో రాగి ఆకుల గుత్తులకి ముత్తాత ఇదే.

ఆ ముత్తాత బుద్ధి మాత్రం మనవలకి రాలేదు. నేను చూసిన నకళ్ళలో ఆకులు తగ్గించేశారు, సందులు పెంచేశారు, లోపల కొరకొరా చూసే తెల్ల బల్బు ఒకటి. కుర్చీలో కూర్చున్నవాళ్ళకి సరిగ్గా కళ్ళల్లో గుచ్చుకుంటుంది. పైగా దాన్ని కప్పుకి అతికినట్టు కడతారు. డైనింగ్ టేబుల్ దీపం బల్ల మీదకి రెండు, రెండున్నర అడుగుల ఎత్తులోకి దిగాలి. అప్పుడే వెలుగు కంచాల మీద పడి, ఎదుటివాళ్ళ ముఖం కనబడి, బల్బు కనబడకుండా ఉంటుంది. అంత కిందకి దించితే తల తగులుతుందని మనవాళ్ళ భయం. బల్ల కింద నడవరు కదా ఎవరూ!

ఇటలీలో కాస్టిగ్లియోని సోదరులని ఇద్దరు అన్నదమ్ములు. 1962లో 'ఆర్కో' అనే దీపం చేశారు. నేల మీద చలువరాతి దిమ్మ, దానిలోంచి విల్లులా వంగి వచ్చిన ఉక్కు కమ్మి, దాని కొసన గిన్నె బోర్లించినట్టు దీపం. కప్పుకి చిల్లు పెట్టకుండానే వెలుగు బల్ల నడిమధ్యకి రావాలన్నది వాళ్ళ ఆలోచన. అద్దె ఇళ్ళల్లో ఉండేవాళ్ళకి ఆ విలువ తెలుస్తుంది. మేకు కొట్టాలన్నా ఓనరుగారిని అడగాలి మనం. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ రాతిదిమ్మకున్న రంధ్రం. దిమ్మ బరువు అరవై కిలోలు దాటుతుంది. దాన్ని కదపాల్సొస్తే ఆ రంధ్రంలో చీపురు కర్ర దూర్చి అటొకరు ఇటొకరు పట్టుకుని లేపొచ్చు. ఊడ్చేటప్పుడు జరపాలి కదా అని ఆలోచించిన డిజైనరుకి నేను దణ్ణం పెడతాను.

ఎందుకంటే మన షోరూముల్లో ఆ ఒక్క ఆలోచనే కనిపించదు. ఆ దీపాల కింద నించున్న ప్రతిసారీ నాకు వచ్చే మొదటి సందేహం, దీన్ని ఎవరు తుడవాలి? డెబ్భై రెండు ఆకులు సరే, దసరా ముందు బూజు దులిపేటప్పుడు స్టూలెక్కేది ఎవరు? పనిమనిషిని ఎక్కించి కింద నించుని "జాగ్రత్తమ్మా, ఇరవై వేలది" అని అరవడం నేను చూశాను. ఆ పిల్ల పడితే అన్న మాట అక్కడ ఎవరికీ రాలేదు. అంతెందుకు, నోరు పైకి తెరిచిన గిన్నెల్లాంటి దీపాలున్నాయి చూడండి, పత్రికల్లో ఫొటోలు అద్భుతంగా ఉంటాయి. తొలకరి వాన పడిన రాత్రి ఉసుళ్ళు లేస్తాయి మన ఊళ్ళల్లో. తెల్లారి చూస్తే ఆ గిన్నెలో గుప్పెడు రెక్కలు. రెండు నెలలు పోయాక వెలుగుతున్న దీపంలో నల్లటి మచ్చలు, వాటి కోసం కాపు కాసిన బల్లి. ఆ ఫొటో ఏ పత్రికలోనూ రాదు.

అసలు చిక్కు ఫ్యానుతో. ఈ బొమ్మలన్నీ ఎక్కువగా చలిదేశాల నుంచి వచ్చినవి. అక్కడ కప్పు ఖాళీగా ఉంటుంది. మనకి నడిమధ్యన ఫ్యాను ఉండి తీరాలి, విజయవాడ మే నెలలో ఫ్యాను లేని హాల్లో ఏ శిల్పం కిందా ఎవరూ కూర్చోరు. ఫ్యానుండగా పక్కన వేలాడే దీపం పెడితే గాలికి ఊగుతుంది. ఫ్యాను రెక్కల పైన ఫాల్స్ సీలింగులో దీపాలు పొదిగితే ఆ రెక్కలు వెలుగుని కోసేస్తాయి. గదంతా మినుకు మినుకుమంటుంది. చదివేవాళ్ళకి పది నిమిషాల్లో తలనొప్పి. "పిల్ల హాల్లో కూర్చుని చదవదండీ, ఫోను పట్టుకుంటుంది" అని ఒకావిడ బాధపడుతుంటే ఆ గది కప్పుకేసి చూశాను. ఫోనుకి మినుకు లేదు మరి.

ఇంకో మాట కొనబోయేవాళ్ళకి. కొన్ని దీపాల్లో బల్బు విడిగా ఉండదు. ఎల్.ఇ.డి. అందులోనే అంటించేసి ఉంటుంది. అది పోతే, లేదా దాని వెనకుండే డ్రైవరు అనే డబ్బా పోతే, మళ్ళీ ఆ కంపెనీవాడే రావాలి. వాడు ఆ మోడలు మానేస్తే మీ దీపం నిజంగానే శిల్పమైపోతుంది. మామూలు హోల్డరున్న దీపమైతే సందు చివర కొట్లో బల్బు తెచ్చి మీరే పెట్టుకోవచ్చు. బరువైన దీపాన్ని జిప్సం బోర్డుకి వేలాడదీయనివ్వకండి, శ్లాబుకి కొక్కెం ఉండాలి. చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాల్లో 19 బెల్జియం షాండ్లియర్లు వేలాడుతుంటే హైదరాబాదు వెళ్ళిన ప్రతివాళ్ళూ నోరెళ్ళబెట్టి చూస్తారు, నేనూ చూశాను. ఆ కప్పు ఎత్తు వేరు, ఆ గోడల బలం వేరు. వాటిని తుడిచే నౌకర్ల లెక్క వేరు. మనకున్నది పది అడుగుల కప్పు.

సరే, తుడవడాలూ తలనొప్పులూ భరిస్తామనుకుందాం. ప్రాణం మీదకి వచ్చేవి ఇంకొన్ని ఉన్నాయి. మా పిన్ని కొడుకు ఇల్లు కట్టుకుంటూ హాలుకీ డైనింగుకీ మధ్య రెండు మెట్లు పెట్టించాడు. పల్లపు హాలు ఇప్పుడు ఫ్యాషను. గోడకి వరుసగా లోహపు ఆకుల దీపాలు, వాటి వెలుగంతా గోడ మీదకీ కప్పు మీదకీ. చూడ్డానికి సినిమా సెట్టులా ఉంటుంది. మెట్ల అంచు మీద మాత్రం ఒక్క చుక్క వెలుగు పడదు. మెట్లకీ నేలకీ ఒకే రంగు రాయి. పిన్నికి డెబ్భై ఒకటి. రాత్రి మంచినీళ్ళకి లేచింది. తుంటి ఎముక విరిగింది, ఆపరేషనయింది, ఇప్పుడు వాకరు పట్టుకుని నడుస్తోంది. అరవై ఏళ్ళ కంటి లోపలికి చేరే వెలుగు ఇరవై ఏళ్ళ కంటికి చేరేదానిలో దాదాపు మూడో వంతేనని కంటి శాస్త్రం చెబుతుంది. కంటిపాప చిన్నదైపోతుంది, లోపలి కటకం పచ్చబడుతుంది. మనకి 'మూడ్ లైటింగు' అయినది వాళ్ళకి చీకటి. ఆ ఇంట్లో దీపాలకైన ఖర్చు పిన్ని ఆపరేషన్ ఖర్చుకి ఇంచుమించు సమానమని లెక్క కట్టింది మా పెద్దమ్మ. ఆవిడ నోరు మంచిది కాదు కానీ లెక్క మాత్రం తప్పదు. మెట్టు అంచున మోకాలి కింద ఎత్తులో రెండు వాట్ల దీపం ఒకటి ఉంటే సరిపోయేది.

రంగు సంగతి కూడా చెప్పాలి. మన చిన్నప్పుడు పచ్చటి బల్బు అంటే పేదరికం, తెల్లటి ట్యూబులైటు అంటే కలిగినవాళ్ళ ఇల్లు. ఇప్పుడు తిరగబడింది. 2015లో ఉజాలా పథకంతో ఎల్.ఇ.డి. బల్బులు చవగ్గా ఇంటింటికీ చేరి తెల్లటి వెలుగు అందరి సొత్తయ్యేసరికి, డిజైనర్లు వచ్చి పచ్చటి వెలుగే నాగరికం అంటున్నారు. ఇందులో సగం వేషమున్నా సగం నిజముంది. బల్బు డబ్బా మీద 2700 అనో 6500 అనో అంకె ఉండి పక్కన 'కె' అని ఉంటుంది, చూడండి. అది కెల్విన్. 2700 అంటే పాత బల్బులాంటి పచ్చటి వెచ్చటి వెలుగు. 6500 అంటే మబ్బు పట్టిన మధ్యాహ్నంలాంటి నీలితెలుపు. పడగ్గదికీ హాలుకీ రాత్రిపూట మొదటిది హాయి. వంటగట్టుకీ చదువుకీ 4000 ప్రాంతం బాగుంటుందని నా అనుభవం. ఇల్లంతా పచ్చటి మసక పెట్టుకుని అత్తగారి మాత్రల రంగులు గుర్తుపట్టలేకపోవడం నాగరికం కాదు.

ఆ పక్కనే కొన్ని డబ్బాల మీద సి.ఆర్.ఐ. అని ఇంకో అంకె ఉంటుంది. దీన్ని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. చీరల కొట్లో ఎన్ని దీపాలున్నా, నచ్చిన చీరని గుమ్మం దాకా పట్టుకెళ్ళి ఎండలో ఒకసారి చూడందే బిల్లు వేయించం కదా? కొట్లో వంగపండు రంగు, బయట నేరేడు రంగు అవుతుంది. దీపం కింద రంగు ఎంత నిజంగా కనబడుతుందో చెప్పే అంకే ఈ సి.ఆర్.ఐ. నూటికి మామూలు వాటికి 80 ఉంటుంది. 90 దాటింది దొరికితే వంటింటికీ, అద్దం దగ్గరికీ అది కొనండి. చేప తాజాదో కాదో, పోపు ఎర్రబడిందో మాడిందో, పిల్ల ఒంటి మీద దద్దురు ఎర్రగా ఉందో లేదో తెలిసేది ఆ వెలుగులోనే. షోరూములో శిల్పం ధర చెప్తారు, గ్యారంటీ చెప్తారు. ఈ అంకె అడిగితే మాత్రం నాకు ఎదురైన కుర్రాడు డబ్బా అటూ ఇటూ తిప్పి "మేడమ్, లుక్ చాలా రిచ్‌గా ఉంటుంది" అన్నాడు.

ఇంతా చెప్పి శిల్పదీపాలు కొనొద్దంటానేమో అనుకోకండి. మా ఇంట్లో ఒకటుంది. దాని సంగతి చెప్పే ముందు జపాను దాకా వెళ్ళి రావాలి. ఇసాము నొగుచి పేరున్న శిల్పి, రాళ్ళతో పెద్దపెద్ద శిల్పాలు చేసినవాడు. 1951లో గిఫు అనే ఊరికి వెళ్ళాడు. కాగితపు లాంతర్లకి పేరుపడిన ఊరది, అప్పటికి ఆ పని చితికిపోయి ఉంది. అక్కడి పనివాళ్ళతో, అదే వెదురు బద్దలతో, అదే మల్బరీ బెరడు కాగితంతో కొత్త ఆకారాల దీపాలు చేయించాడు. వాటికి 'అకారి' అని పేరు పెట్టాడు. వెలుగు అని అర్థం, తేలిక అనే అర్థం కూడా వస్తుందట. మడిచి చదునైన పెట్టెలో పెట్టేయొచ్చు. రాతితో పని చేసే చేతులకి కాగితం చాలనిపించడం, అదీ ఊరివాళ్ళకి తెలిసిన పద్ధతిలోనే, నాకు చాలా గొప్పగా అనిపించింది.

మనకి నిమ్మలకుంట ఉంది. ధర్మవరం మండలం, ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ధర్మవరం అనగానే మనకి పట్టుచీర గుర్తొస్తుంది, నిమ్మలకుంట గుర్తు రాదు. తోలుబొమ్మలాట ఆడే కుటుంబాల ఊరది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలు నానబెట్టి, బొచ్చు గీకి, లాగి ఆరబెడితే పార్చిమెంటు కాగితంలా వెలుగు దూరే పలచదనం వస్తుంది. దాని మీద బొమ్మ గీసి, ఉలితో చిన్న చిన్న చిల్లులు పొడిచి, రంగులు అద్దుతారు. ఆ చిల్లుల్లోంచి వెలుగు చుక్కలుగా వచ్చి బొమ్మకి నగలు పెడుతుంది. తెర వెనక ఆముదపు దీపం పెట్టి రాత్రంతా రామాయణం ఆడిన కళ అది. ఆట చూసేవాళ్ళు తగ్గిపోయాక అవే చేతులు అదే తోలుతో లాంప్‌షేడ్లు చేయడం మొదలుపెట్టాయి. ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా ఈ పనిలో ఉన్నారు.

మా ఇంట్లో ఉన్నది ఆ ఊరి దీపమే. కుండ ఆకారం, చుట్టూ నెమళ్ళూ తీగలూ. పాత బల్బుల రోజుల్లో తోలు దీపానికి ఒక భయం ఉండేది. ఆ బల్బు తాగిన కరెంటులో పదో వంతు కూడా వెలుగయ్యేది కాదు, మిగిలిందంతా వేడే, తోలు ఎండి మెలిదిరిగేది. ఎల్.ఇ.డి.కి ఆ వేడి లేదు. కాబట్టి ఈ కళకి ఈ కాలపు బల్బు బాగా నప్పింది. బల్బు కనబడదు, వెలుగు మెత్తగా ఉంటుంది, గోడ మీద చుక్కలు పడతాయి. పొడిగుడ్డతో తుడిస్తే చాలు, నీళ్ళు తగలనివ్వకూడదు. మూల బల్ల మీద ఉంటుంది కనక స్టూలెక్కే పని లేదు, ఇల్లు మారినా కూడా వస్తుంది. దాని వెలుగులో చదవగలనా? లేను. చదవడానికి మెడ వంచే దీపం ఒకటి వేరే పెట్టుకున్నాను, డైనింగ్ టేబుల్ చివర. అందరూ పడుకున్నాక నా కథలు రాసుకునేది దాని కిందే. ఆరు వందల రూపాయల దీపం, చూడ్డానికి కొంగమెడలా ఉంటుంది, ఎవరూ మెచ్చుకోరు. రెండిట్లో ఒకటే ఉంచుకోమంటే ఏది ఉంచుకుంటానో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ పాయింట్ల సంగతి. ఇంట్లో దీపాలు ఎక్కడ వెలగాలో షోరూములో తేలదు, అంతకు చాలా ముందే తేలిపోతుంది. శ్లాబు పోసేటప్పుడే కప్పులో పైపులు వేసేస్తారు. గోడలకి ప్లాస్టరింగ్ కాకముందే గాడి కొట్టి పైపులూ పెట్టెలూ బిగిస్తారు. ఆ నాలుగు రోజుల్లో సైటు మీద ఉండేది ఎవరు? మేస్త్రీ, ఎలక్ట్రీషియను, ఇంటాయన. వంటింటి గట్టు దగ్గర రోజుకి నాలుగైదు గంటలు నించునే మనిషి ఆ రోజు ఇంట్లో వంట చేస్తుంటుంది. ఏడాది పోయాక ఆవిణ్ణి కార్లో ఎక్కించుకుని లైట్ల షోరూముకి తీసుకెళ్తారు. రాగిదా ఇత్తడిదా, గుండ్రందా పొడుగుదా, నీ ఇష్టం అంటారు. ఆ ఇష్టానికి మిగిలిన జాగా అంతే. ఆడవాళ్ళకి షాండ్లియర్ల పిచ్చి అని జోకులు వేసేవాళ్ళు ఈ ఏడాది సంగతి మర్చిపోతారు. ఫ్లాటు కొనేవాళ్ళ గతి ఇంకా అన్యాయం, అన్నీ బిల్డరు ఆఫీసులో ఒక కుర్రాడు కంప్యూటరు మీద గీసేస్తాడు. అయినా గోడలు పూయకముందు అడిగితే మార్పులకి ఒప్పుకునేవాళ్ళే ఎక్కువ. ఎలక్ట్రికల్ డ్రాయింగు అని ఒక కాగితం ఉంటుంది. అది అడిగి ఇంటికి తెచ్చుకుని, వంటగట్టు, సింకు, బట్టలు మడిచే చోటు, దేవుడి గది, మంచం నుంచి బాత్రూముకి దారి, మెట్టు ఉంటే మెట్టు, వీటి మీద పెన్సిలుతో చుక్కలు పెట్టి ఇవ్వండి. ఇదేమీ ఇంజనీరింగు కాదు. ముగ్గుకి చుక్కలు పెట్టిన చేతులకి ఇదెంత?

మా పక్కింటి అమ్మాయి అలాగే చేసింది. బ్యాంకులో పనిచేస్తుంది, సెలవు పెట్టి మరీ సైటుకి వెళ్ళింది. వంటింటి అరల కింద రెండు పాయింట్లు, సింకు పైన ఒకటి, పెద్దవాళ్ళ గదిలో మంచం పక్కన కింద ఒకటి చూపించింది. ఎలక్ట్రీషియను తల గోక్కుని, "సార్‌ని ఒకసారి అడిగి చెప్తారా మేడమ్?" అన్నాడట. "సార్‌కి కందిపప్పు డబ్బా ఎక్కడుందో తెలీదయ్యా, గట్టు ఎటుందో ఏం చెప్తారు? నువ్వు గాడి కొట్టు" అందట. అతను నవ్వి కొట్టాడు. నాలుగు పాయింట్లకి అదనంగా అయింది మూడు వేల లోపే.

హాల్లో ఆ అమ్మాయి కూడా శిల్పదీపం పెట్టింది, రాగి ఆకులదే. బాగుంది, నేనూ చూసి మెచ్చుకున్నాను. అయితే సాయంత్రం అయ్యేసరికి వాళ్ళ అయిదో తరగతి పిల్లాడు పుస్తకాల సంచీ ఈడ్చుకుంటూ వంటింట్లోకి వచ్చేస్తున్నాడట. అక్కడ అక్షరాలు బాగా కనబడుతున్నాయంటాడు. గట్టు చివర వాడికో స్టూలు వేసింది. లెక్కలు చేస్తూ మధ్యలో బఠాణీలు కూడా ఒలుస్తున్నాడని మొన్న చెప్పింది.